రౌటర్‌కి బుల్లి యూపీఎస్: అరండల్‌పేటలో కొన్నాను, ఎండాకాలమంతా వాడాను

నాది చీరల వ్యాపారం. షోరూమూ గీరూమూ ఏమీ లేదు, గుంటూరు పట్టాభిపురంలో మా ఇంటి ముందుగదే కొట్టు. మంగళగిరి నేత చీరలు తెచ్చుకుని వీడియో కాల్‌లో చూపించి అమ్ముతాను. హైదరాబాదు వాళ్ళు, బెంగళూరు వాళ్ళు, డల్లాస్‌లో ఉన్న మన గుంటూరోళ్ళు, అందరూ కాస్త తీరిక చూసుకుని కూర్చుంటారు. నిజాం అంచు దగ్గరగా చూపించమంటారు, కొంగు విప్పమంటారు, కిటికీ వెలుతురులో తిప్పమంటారు. సరిగ్గా అప్పుడే కరెంటు పోతుంది. ఫ్యానూ లైటూ ఇన్వర్టర్ మీద తిరుగుతూనే ఉంటాయి, వైఫై మాత్రం పోతుంది. కరెంటు రెండు నిమిషాల్లో వచ్చినా సరే, రౌటర్ మళ్ళీ లేచి, దాని దీపాలు ఒక్కొక్కటీ వెలిగి, నెట్టు వచ్చేసరికి ఇంకాసేపు పడుతుంది. ఈలోగా అవతలావిడ "తర్వాత మాట్లాడదామండీ" అని మెసేజ్ పెట్టేస్తుంది. ఆ తర్వాత ఇక ఉండదు.

"ఫోన్‌లో డేటా ఉందిగా" అంటారు మా ఆయన. ఉంది. మా ముందుగదిలో సిగ్నల్ ఒక్క గీత. కరెంటు పోగానే వీధి వీధంతా ఫోన్ డేటా మీదే పడుతుంది కాబట్టి ఆ గీత కూడా పేరుకే. అందుకే రౌటర్‌కి బ్యాటరీ పెట్టే డబ్బా ఒకటి కొన్నాను. కొట్లలో దీన్ని మినీ యూపీఎస్ అనో, రౌటర్ యూపీఎస్ అనో అంటారు. కంపెనీ పేరు రాయను. ఇలాంటి డబ్బాలు పది రకాలు దొరుకుతాయి, పేరుకన్నా డబ్బా మీద ఏం రాసుందో చదవడం ముఖ్యం. నాకు ఎలక్ట్రానిక్స్ రాదు, చదువుకున్నది బీకాం. అయినా ఇది నేనే బిగించుకున్నాను.

వస్తువేంటో ముందు చెప్పేస్తాను. అరచేతిలో పట్టేంత నల్ల డబ్బా, లోపల లిథియం సెల్స్. గోడ ప్లగ్గు నుంచి రౌటర్‌కి వచ్చే అడాప్టర్ పిన్ను ఊడదీసి దీనికి గుచ్చాలి, దీన్నుంచి వచ్చే పొట్టి వైరు రౌటర్‌కి గుచ్చాలి. అంతే పని. కరెంటు ఉన్నంతసేపూ తను చార్జ్ అవుతూ రౌటర్‌కి కరెంటు పంపుతుంది. పోయినప్పుడు రెప్పపాటు కూడా ఆగకుండా తన బ్యాటరీ నుంచి ఇస్తుంది. రౌటర్‌కి కరెంటు పోయిన సంగతే తెలీదు.

ఇది కొనేముందు ఇన్వర్టర్ ఉన్నవాళ్ళు రెండు విషయాలు చూసుకోండి, అసలు కొనాల్సిన పనే ఉండకపోవచ్చు. ఒకటి, రౌటర్ గుచ్చిన ప్లగ్గుకి ఇన్వర్టర్ లైను ఉందా లేదా. మన ఇళ్ళల్లో ఇన్వర్టర్ బిగించేటప్పుడు గదికో ఫ్యాను, గదికో లైటు అని లెక్కేసి ఇస్తారు, టీవీ పక్కన ప్లగ్గు ఎవరికీ గుర్తురాదు. మాకు అంతే. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసి, గోడ కొట్టి పైపు వేయాలన్నాడు. వద్దనుకున్నాను. మీకు ఆ పని తేలిగ్గా అయ్యేట్టుంటే అదే మేలు.

రెండోది చాలామందికి తెలియనిది. ప్లగ్గుకి ఇన్వర్టర్ లైను ఉండి కూడా, కరెంటు పోయినప్పుడల్లా రౌటర్ ఒకసారి ఆరి వెలుగుతోందా? ఇన్వర్టర్ వెనక చూడండి. చాలావాటికి ఒక చిన్న స్విచ్ ఉంటుంది, ఒక పక్క యూపీఎస్ అనీ, రెండో పక్క ఎకో అనో నార్మల్ అనో రాసి ఉంటుంది. ఎకో వైపు ఉంటే కరెంటు నుంచి బ్యాటరీకి మారడానికి కాస్త ఎక్కువ సమయం తీసుకుంటుంది. ఫ్యానుకి ఆ తేడా తెలీదు, కంప్యూటర్‌కీ రౌటర్‌కీ తెలుస్తుంది. యూపీఎస్ వైపు పెడితే ఆ మార్పు టక్కున అయిపోతుంది. మా పక్కింటి పిన్నిగారి మనవడి ఆన్‌లైన్ క్లాసుల గొడవ ఆ ఒక్క స్విచ్‌తో తీరిపోయింది, పైసా ఖర్చు లేదు. కాకపోతే వోల్టేజి బాగా ఊగిసలాడే వీధిలో యూపీఎస్ వైపు పెడితే, కాస్త వోల్టేజి తగ్గినా కరెంటు పోయినట్టే లెక్కేసుకుని ఇన్వర్టర్ మాటిమాటికీ బ్యాటరీ మీదకి వెళ్ళిపోతుంది. అది మీ వీధిని బట్టి చూసుకోవాలి.

ఇక కొట్టు సంగతి. అరండల్‌పేటలో కంప్యూటర్ సామాన్లు అమ్మే చిన్న కొట్టు. ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళు మెట్ల మీద ఆగాలి. కౌంటర్ దగ్గర పాతికేళ్ళ కుర్రాడు. "రౌటర్‌కి యూపీఎస్ కావాలి బాబూ" అంటే, డబ్బాలు తీసి ముందు పడేస్తాడనుకున్నాను. అలా చేయలేదు. "అడాప్టర్ ఫొటో ఉందా అక్కా?" అని అడిగాడు. ఫొటో లేకపోతే ఇంటికి ఫోన్ చేసి తెప్పించుకోమన్నాడు, చూడకుండా అమ్మనన్నాడు. ఆ ఒక్క మాటకే ఆ కొట్టుకి మళ్ళీ వెళ్ళొచ్చు.

మా అబ్బాయి ఇంట్లో అడాప్టర్‌ని తిప్పి ఫొటో తీసి పంపాడు. దాని వీపు మీద చీమల్లాంటి అక్షరాలు. కుర్రాడు ఫోన్‌లో వేళ్ళతో పెద్దది చేసి చూపించాడు. "ఇన్‌పుట్ అని రాసింది మనకక్కర్లేదక్కా, అది గోడ కరెంటు. అవుట్‌పుట్ అని ఉందే, అది చూడండి." అవుట్‌పుట్ ఎదురుగా 12 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంది. వోల్టు అచ్చంగా అదే ఉండాలట. 12కి 12, 9కి 9. 9 వోల్టుల రౌటర్‌కి 12 వోల్టుల డబ్బా తగిలిస్తే రౌటర్ కాలిపోవచ్చు. ఆంపియరు మాత్రం ఎక్కువ ఉన్నా ఫర్వాలేదు, ఎందుకంటే రౌటర్ తనకి కావాల్సినంతే లాక్కుంటుంది, తక్కువ ఉంటేనే ఇబ్బంది. ఇంకో చిన్న బొమ్మ కూడా చూడమన్నాడు: మధ్యలో చుక్క, దాని చుట్టూ సగం సున్నా, అటూ ఇటూ ప్లస్సూ మైనస్సూ. రౌటర్లలో ఎక్కువ భాగం మధ్య చుక్కకి ప్లస్సే ఉంటుంది, మాదీ అంతే. రెండు చోట్లా ఆ బొమ్మ ఒకేలా ఉండాలి. పిన్ను లావు కూడా సరిపోవాలి. డబ్బాతోపాటు రెండు మూడు రకాల పిన్నులు ఇస్తారు, ఏది వదులుగా లేకుండా కూర్చుంటే అది.

అప్పుడు రెండు డబ్బాలు బయటికి వచ్చాయి. ఒకదాని మీద పెద్దక్షరాల్లో 10,000 ఎంఏహెచ్. రెండోదాని మీద 6,000. ధరలో వంద రూపాయలు కూడా తేడా లేదు. సహజంగా నా చెయ్యి పదివేల దాని మీదకే వెళ్ళింది. ప్యూర్ సిల్క్ అని చీటీ అంటించిన ప్రతి చీరా పట్టు కానట్టే, ఇక్కడా చీటీ ఒకటి సరుకు ఒకటి అని నా వ్యాపారం నాకు నేర్పింది కాబట్టి రెండూ రెండు చేతుల్లోకి తీసుకున్నాను. పదివేలదే తేలిగ్గా ఉంది. కుర్రాడు నవ్వి, "వాట్ అవర్ ఎక్కడైనా రాశాడేమో చూడండక్కా" అన్నాడు. బ్యాటరీలో మొత్తం ఎంత శక్తి పడుతుందో చెప్పే అంకె అది. ఆరువేలదాని కింద 22.2 వాట్ అవర్ అని ఉంది. పదివేలదాని మీద ఎంత వెతికినా లేదు.

ఈ లెక్క ఒకసారి అర్థమైతే పవర్ బ్యాంకు కొనేటప్పుడు కూడా పనికొస్తుంది, అందుకని కాస్త విడమరుస్తాను. లిథియం సెల్లు ఒకటి మామూలుగా 3.7 వోల్టులు. ఎంఏహెచ్‌ని 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే వాట్ అవర్లు వస్తాయి. 6,000 ఇంటూ 3.7 బై వెయ్యి, 22.2. సరిగ్గా డబ్బా మీద ఉన్న అంకె. ఇప్పుడు రౌటర్ ఎంత తింటుందో చూడాలి. అడాప్టర్ మీద 12 వోల్టులు 1 ఆంపియర్ అంటే గరిష్ఠంగా 12 వాట్లు, కానీ ఇంట్లో మామూలు వాడకంలో అంత తినదు, ఏడెనిమిది వాట్ల దగ్గర ఉంటుంది. 22ని 8తో భాగిస్తే మూడు గంటలకి తక్కువ. మధ్యలో వేడి రూపంలో కొంత పోతుంది, అది కూడా తీసేస్తే రెండు గంటల పైచిలుకు. డబ్బా మీద మాత్రం నాలుగు గంటలు అని అచ్చేశారు. ఏ రౌటర్‌తో నాలుగు గంటలో రాయలేదు.

బీఐఎస్ గుర్తు, అంటే సరుకు ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ గుర్తు, అది కూడా చూశాను. గుర్తు కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది, బీఐఎస్ కేర్ అనే ప్రభుత్వ యాప్‌లో ఆ నంబరు కొడితే అది ఎవరి పేరు మీద ఉందో చూపిస్తుంది. కొట్లో నిలబడే చూసుకోవచ్చు. నంబరు నిజమైనదే. ఆరువేలదే తీసుకున్నాను, 1,450 రూపాయలు. ఆన్‌లైన్లో నూటయాభై తక్కువకి ఉంది. నా బేరం యాభై దగ్గర ఆగిపోయింది, చీరలమ్మేదాన్ని నాకే ఇలా అయింది. కానీ ఆన్‌లైన్లో అడాప్టర్ ఫొటో అడిగేవాడు లేడు. పైగా కుర్రాడు కొట్లో ఉన్న రౌటర్‌కే దాన్ని తగిలించి, స్విచ్ కట్టి చూపించాడు. దీపాలు అలాగే వెలుగుతున్నాయి. ఇది మీరూ అడగండి, సిగ్గుపడకండి.

ఇంటికొచ్చి రాత్రంతా చార్జింగ్‌లో ఉంచి, పొద్దున్నే వీడియో కాల్‌లో ఉండగా ప్లగ్గు స్విచ్ కట్టేశాను. అవతల మా చెల్లెలు మాట్లాడుతూనే ఉంది. వీడియో జర్కు కూడా కాలేదు. ఆ తర్వాత ఎండాకాలమంతా వాడకమే. చెట్ల కొమ్మలు కొట్టడానికి లైను ఆపిన రోజులు, గాలిదుమారం వచ్చి ఆగిన సాయంత్రాలు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోయిన రాత్రులు. గంట, గంటన్నర దాకా ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. దాన్ని పూర్తిగా ఖాళీ చేసి చూద్దామని ఒకసారి అలాగే వదిలేస్తే రెండుంపావు గంటల దాకా లాగింది. డబ్బా చెప్పిన నాలుగుకి చాలా తక్కువే, మా లెక్కకి మాత్రం సరిపోయింది.

ఇప్పుడు చికాకుల సంగతి. మొదటిది చాలామందికి ఎదురవుతుంది కాబట్టి బాగా వినండి. పెద్ద కరెంటు కోత తర్వాత కరెంటు వచ్చినప్పుడు, మా రౌటర్ రెండు మూడుసార్లు తనంతట తనే ఆరి వెలిగింది. ఇదేం చోద్యం, కరెంటు వచ్చాక పోవడమేంటి అనుకున్నాను. అడాప్టర్ మీద చెయ్యి పెడితే పెనం మీద పెట్టినంత పని అయింది. సంగతేంటంటే, మా అడాప్టర్ 1 ఆంపియర్‌ది. ఇదివరకు అది రౌటర్ ఒక్కదాన్నే పోషించేది. ఇప్పుడు ఖాళీ అయిన బ్యాటరీని నింపాలి, రౌటర్‌నీ నడపాలి. రెండూ దాని వల్ల కావట్లేదు. కొట్టు కుర్రాడికి ఫోన్ చేస్తే వెంటనే కనిపెట్టాడు, 12 వోల్టులు 2 ఆంపియర్ల అడాప్టర్ తగిలించమన్నాడు. అదో రెండొందల యాభై. తగిలించాక ఆ బాధ లేదు. ఇది డబ్బాలోనే పెట్టి అమ్మొచ్చు, లేదా పైన ఒక్క ముక్క రాయొచ్చు. రెండూ చేయలేదు ఆ కంపెనీ. అందుకే ధర 1,450 కాదు, 1,700 అని లెక్కేసుకోండి. కొన్ని మోడళ్ళలో సొంత అడాప్టర్ ఇస్తారట, దొరికితే అవే తీసుకోండి.

ఇంకోటి, చార్జింగ్ ఎంత మిగిలిందో తెలీదు. ఒక్క దీపం ఉంది, కరెంటు ఉంటే ఆకుపచ్చ, బ్యాటరీ మీద ఉంటే ఎరుపు. పావువంతు మిగిలినా, రెండు నిమిషాలు మిగిలినా అదే ఎరుపు. అందుకని కరెంటు పోయి గంట దాటితే నేను ఖరీదైన చీరలు ముందు చూపించేస్తున్నాను. వైరు కూడా జానెడే ఇచ్చాడు, రౌటర్ గోడ మీద ఎత్తులో ఉంటే డబ్బా గాల్లో వేలాడాల్సిందే.

వేడి గురించి గట్టిగా చెప్పాలి. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఊరు మనది. లిథియం సెల్స్‌ని 45 డిగ్రీల పైన చార్జ్ చేయకూడదంటారు, వడగాడ్పుల రోజుల్లో మన గదుల్లో మూసిన టీవీ బల్ల లోపల ఆ వేడి తేలిగ్గా వచ్చేస్తుంది. రౌటర్ కూడా వేడి పుట్టించేదే. రెంటినీ ఒకదాని మీద ఒకటి పెట్టకండి, పైన క్రోషే గుడ్డ కప్పకండి. మా ఇంట్లో దాన్ని బల్ల బయట, గాలి తగిలేచోట పడుకోబెట్టాను. ఎప్పుడైనా డబ్బా ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం వెంటనే తీసేయండి, మళ్ళీ చార్జింగ్ పెట్టొద్దు, ఇంటి చెత్తలోనూ వేయొద్దు.

కొనొద్దని కూడా కొంతమందికి చెప్పాలి. ఈ డబ్బా మీ ఇంట్లో పెట్టెని మాత్రమే బతికిస్తుంది. నెట్టు మీ ఇంటి దాకా రావాలి కదా. గాజు తీగతో నేరుగా ఇంట్లోకి వచ్చే ఫైబర్ కనెక్షన్ అయితే, వీధిలో తీగని పంచే స్ప్లిటర్లకి సాధారణంగా కరెంటు అక్కర్లేదు. అవతల ఆపరేటర్ ఆఫీసులో బ్యాటరీ ఉంటే చాలు. అదే అపార్టుమెంటు మెట్ల దగ్గర ఒక పెట్టె బిగించి, అక్కడి నుంచి నీలం రంగు నెట్‌వర్క్ వైరు ఫ్లాట్‌కి లాగి ఉంటే, ఆ మెట్ల దగ్గర పెట్టెకి కూడా కరెంటు కావాలి. అది ఆరిపోతే మీ ఇంట్లో యూపీఎస్ ఎంత వెలిగినా లాభం లేదు. తెలుసుకోడానికి సులువు ఉంది. ఫైబర్ పెట్టె మీద ఎల్‌ఓఎస్ అని ఒక దీపం ఉంటుంది. అది ఎర్రగా కొట్టుకుంటోందంటే బయటి నుంచి వెలుతురు రావట్లేదని అర్థం. అప్పుడు రౌటర్‌ని పదిసార్లు ఆపి వేసినా దండగ, ఆపరేటర్‌కి ఫోన్ చేసి "ఎల్‌ఓఎస్ ఎర్రగా ఉంది" అని చెప్పండి. "నెట్టు రావట్లేదు" అంటే రీస్టార్ట్ చేయమంటారు, ఈ మాట అంటే మనిషిని పంపుతారు. అదే పెట్టె మీద పీఓఎన్ అనే దీపం ఆపరేటర్‌తో ఫైబర్ కలిసిందని చెబుతుంది, అది ఆకుపచ్చగా నిలకడగా ఉండి కూడా ఫోన్‌లో నెట్టు రాకపోతే, గొడవ బ్యాటరీది కాదు, వేరే.

ఫైబర్ పెట్టె వేరుగా, వైఫై రౌటర్ వేరుగా ఉన్న ఇళ్ళల్లో రెంటికీ కరెంటు అందాలి. ఒక వైరు రెండుగా చీలేది దొరుకుతుంది, రెండూ 12 వోల్టులవే అయ్యుండి, ఆంపియర్లు కలిపితే యూపీఎస్ మీద రాసినదానికి లోపలే ఉంటే తగిలించొచ్చు. సీసీ కెమెరాల పెట్టె కూడా దీనికే తగిలిద్దామని మా ఆయన ఉత్సాహపడ్డారు. అందులో హార్డ్ డిస్క్ తిరుగుతుంది, అదొక్కటే చాలా తింటుంది. వద్దన్నాను.

పనిలో పనిగా, రౌటర్ చోటు కూడా మార్చాను. ఇదివరకు బీరువా వెనక ఉండేది, కనిపించకూడదని. ఇనప బీరువా, నిలువుటద్దం, ఫ్రిజ్జు, ఇవన్నీ సిగ్నల్‌ని అడ్డుకుంటాయి. భుజం ఎత్తులో, ఇంటి మధ్యకి తెచ్చాను. ఫోన్‌లో వైఫై పేర్లు రెండు కనిపిస్తాయి కదా, చివర 5జీ అని ఉన్నది రౌటర్ ఉన్న గదిలో వేగంగా ఉంటుంది, గోడ దాటితే నీరసపడుతుంది. ఆ 5జీ సిమ్ కార్డు 5జీ కాదు, 5 గిగాహెర్ట్జ్. ముందుగదిలో చీరలు చూపించేటప్పుడు నేను 5జీ అని లేని పేరునే వాడతాను, నిలకడగా ఉంటుంది.

వారంటీ ఏడాది. బిల్లు మీద సీరియల్ నంబరు రాయమంటే కుర్రాడు కాస్త నసిగాడు, అడిగాక రాశాడు. రాయించుకోండి, అది లేకపోతే మారుస్తామన్న మాట నోటిమాటే అవుతుంది.

తెనాలిలో అమ్మావాళ్ళకి కూడా ఇలాంటిదే కొనాలనుకుంటున్నాను. నాన్న రౌటర్ అడాప్టర్ ఫొటో పంపించారు, పాతది, 9 వోల్టులు. మాకు తెచ్చిన డబ్బా దానికి పనికిరాదు. 9 వోల్టులదీ 12 వోల్టులదీ రెండు రంధ్రాలున్న మోడల్ తెప్పిస్తానని కుర్రాడు చెప్పాడు. వచ్చాక ఏ రంధ్రంలో ఏ పిన్ను పెట్టాలో చీటీ రాసి అంటించి మరీ పంపాలి, నాన్న కళ్ళద్దాలు పెట్టుకోకుండానే అన్నీ గుచ్చేస్తారు.